కోరస్‌లో కలిసిన గొంతు

తోటపల్లి గూడూరు చర్చిలో నేను హార్మోనియం వాయించే రోజుల్లో, పాస్టరుగారమ్మాయి పాడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగిపోయేవారు. మాకందరికీ ఆమె అక్క. సినిమా గాయని కావాలని మద్రాసు వెళ్లి, పేరున్న గాయనుల వెనక కొన్నేళ్లు కోరస్ పాడి తిరిగొచ్చింది.

ఆ పాటలు రేడియోలో వస్తే చెవి ఆనించి వినేది. ఒకరోజు వాళ్లమ్మ మురిపెంగా అడిగింది: "ఇందులో నీ గొంతు యాడుంది మే?"

"నేనూ అదే వెతుకుతుండానమ్మా. ఎవరి గొంతూ విడిగా వినపడకుండా పాడితేనే మళ్లీ పిలిచేవాళ్లు. అట్లా పాడీ పాడీ, నా గొంతు ఎట్లుండేదో నాకే తెలీడంలా."

ఈస్టరుకు ఒక్క కీర్తన పాడమని బతిమాలాను. చర్చి నిండా జనం. శ్రుతి ఇచ్చాను. అక్క పెదవులు కదిలాయి, గొంతు రాలేదు.

"నువ్వే వాయించెయ్ తమ్ముడా," అంది.

కీర్తన మొత్తం వాయించాను. అక్క పక్కనే నిలబడి వింది.