గంటకొకసారి ఆగే టెంపో

బెళుగుప్ప దగ్గర మా పల్లెలో శనివారం భజన చేసే ఆడవాళ్లం ఏడాదికొకసారి టెంపో మాట్లాడుకుని ఏదో ఒక క్షేత్రానికి పోయి వస్తాం. ఎవరు పోయినా పోకున్నా, దారిలోకి తిండి మాత్రం సుబ్బరత్నమ్మత్త ఇంట్లోనే తయారవుతుంది. ఓళిగలు, చిత్రాన్నం, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. అన్నీ మూటలు కట్టి, తెల్లవారి టెంపో దాకా మోసుకొచ్చి, మా చేతుల్లో పెట్టి ఆమె ఇంటికి తిరిగిపోతుంది. ఒక్కసారి కూడా ఎక్కింది లేదు.

ఈ శ్రావణంలో తుంగభద్ర డ్యాము నిండి గేట్లు ఎత్తినారని తెలిసింది. హంపిలో విరూపాక్షస్వామిని దర్శించుకుని, అట్లే డ్యాము చూసి వద్దామనుకున్నాం. మా పక్క చెనిక్కాయ చేన్లు వాన కోసం ఆకాశం చూస్తున్నాయి. అన్ని నీళ్లు ఒక్కచోట చూడాలని అత్తకు అందరికన్నా ఎక్కువ ఆశ. మాతో భజన చేసే రేఖ ఫోన్లో వీడియో చూపిస్తే, పిండి చేతులతోనే వచ్చి మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది.

"ఈసారన్నా వస్తావా అత్తా?" అని రేఖ అడిగింది.

"మేక కడుపుతో ఉండాది. నేడో రేపో ఈనుతాది."

"పోయినేడు మంత్రాలయం పోయేటప్పుడూ ఆ మేకే ఈనబోతాండె. ఏం మేకత్తా అది, ఏనుగు మాదిరి మోస్తాండాది!"

అందరం నవ్వినాం. అత్త నవ్వబోయి, మోకాళ్లు దగ్గరికి చేర్చుకుని ఆపుకునింది.

మరుసటి రోజు ప్రయాణమనగా, సాయంత్రం అందరం అత్త ఇంట్లో ఉండగా టెంపో డ్రైవరు గిరి వచ్చినాడు. నిన్నమొన్నటి దాకా కళ్యాణదుర్గానికి ఆటో తోలినోడు. వాని గొంతు వినగానే అత్త వంటింట్లోకి దూరింది. నేను అక్కడే పూర్ణం ఉండలు చేస్తున్నాను.

"అక్కా, ముందే చెప్తాండా," అన్నాడు గిరి బయట. "నాకు షుగరొచ్చింది. గంటకొకసారి ఒంటేలికి పోవాల. చెట్లుండేచోట, పెట్రోలు బంకుల కాడ బండి ఆపుతా. తొందరపెట్టద్దండి."

రేఖ ఊరుకుంటుందా! "ఏమప్పా, పెండ్లయి ఏడాది కాలేదు, అప్పుడే షుగరా? ఇట్లయితే విడపనకల్లు దాటేలోపలే పొద్దు గుంకుతాది!"

"డ్రైవరుకు గుడ్డలు కట్టి తీసకపోదాం లేమ్మా," అని ఇంకొకామె అందుకునింది.

బయట ఒకటే నవ్వు. గిరి తల గోక్కుంటూ నిలబడినాడు. ఇక్కడ అత్త చెవులు ఎర్రబడినాయి. పెనం మీద ఓళిగ మాడుతున్నా చూసుకోలేదు.

కాసేపటికి గిరి వంటింటి గడప దగ్గరికి వచ్చినాడు. "అత్తా, వాసన వీధి చివరిదాకా వస్తాండాది. ఒకటి పెట్టవా?"

తలెత్తకుండా పెట్టింది. నెయ్యి కారుతుంటే తిని, ఇంకొకటి అడిగినాడు.

"నీకు షుగరంటివి గదప్పా," అనింది అత్త మెల్లగా.

"అది రేపు టెంపో ఎక్కినాక వస్తాదిలే అత్తా," అని చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయినాడు.

అత్త పొయ్యి ముందర కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు చెప్పింది నాకు. చిన్నకూతురి కాన్పు నుంచి ఆమెకు ఒంటేలు ఆగదు. దగ్గినా, గట్టిగా నవ్వినా చీర తడుస్తుంది. డాక్టరుకు చెప్పాలన్నా సిగ్గే, మొగుడికి చెప్పాలన్నా సిగ్గే. ఎక్కడికైనా పోవాలంటే ముందురోజే నీళ్లు మానేస్తుంది.

"పోయినేడు వాని ఆటోలో వస్తాంటే, గుంతల దారికి సీటు తడిసిపాయ. దిగేటోళ్లందరూ చూస్తాండారు. వాడు, 'నా సీసా మూత ఊడినట్లుండాది, నీళ్లు కారినాయి, చూసుకుని దిగండమ్మా' అనె. నిజంగా అట్లే అనుకున్యాడో, తెలిసే అన్యాడో నాకు తెలీలే. ఆ పొద్దు నుంచి వాడు ఎదురొస్తే పక్కసందులో దూరుతాండా. పెండ్లికి పిలిస్తే కూడా పోలేదు. ఇంటికొచ్చి పిలిచినాడమ్మా! వాడు ఎవరికీ చెప్పలే. ఈ పొద్దు నా మీద పడాల్సిన నవ్వులన్నీ వాని నెత్తిన ఏసుకునె."

తడిసిన చీర సిగ్గు ఒకటి, ఆ పెండ్లికి పోని సిగ్గు ఒకటి. రెండోదే ఆమెను ఎక్కువ కోస్తున్నట్లు కనిపించింది. నేను మాడిన ఓళిగ తీసి పక్కన పెట్టినాను. ఇది రాయొచ్చునా అని తర్వాత అడిగితే, "రాయి, నా మాదిరి నోరు మూసుకుని కూచున్నోళ్లు ఎందరుండారో," అనింది.

తెల్లవారి ఎప్పటిలాగే మూటలు తెచ్చి మాకందించింది. వాటి వెంట తన సంచి కూడా ఇచ్చింది. అందులో రెండు చీరలున్నాయి.

"మేకో?" అనింది రేఖ.

"ఈననీ. దాని పని దానికి తెలీదా?"

గిరి ఆమె వైపు చూడకుండా, తలుపు పక్కనుండే సీటు తుడిచి, వెళ్లి స్టీరింగు ముందర కూర్చున్నాడు.

"గిరీ," అని పిలిచింది అత్త. ఏడాది తర్వాత వాని పేరు పలికింది. "నీ పెండ్లాన్ని ఒకసారి ఇంటికి పిలుచుకోని రాప్పా."

"వస్తాం లే అత్తా."

ఆమె తల వంచుకునే ఉంది. రేఖ చేతిలోని నీళ్ల చెంబు అడిగి తీసుకుని, అందరి ముందర నిలబడి సగం దాకా తాగి, టెంపో ఎక్కింది.