ఒక దెబ్బ ఆలస్యం

ఆరోజు నక్కపల్లిలో అనకాపల్లి బస్సెక్కితే, ఖైనీ కంపు కొట్టే ముసలాయన పక్కన సీటు దొరికింది. నిమిషానికోసారి కిటికీలోంచి ఉమ్ముతున్నాడు. నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఫోన్లో సూరిబాబు వీడియో చూస్తున్నాను.

సూరిబాబు గుండెకి తప్పెట కట్టుకుని ఆడే కళాకారుడు. ఇరవయ్యేళ్ళుగా జాతర జాతరకీ కలిసే నా నేస్తం. పొద్దున్నే అతని సంతాపసభలో మైకు పట్టుకుని, "తప్పెట మీద ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యమే, పోవడానికి మాత్రం తొందరపడ్డాడు" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. నా మాటకి నాకే ముచ్చటేసింది.

ముసలాయన ఫోన్లోకి తొంగిచూశాడు.

"ఆడి పక్కనున్నోణ్ణి నానే బావూ" అంటూ ఎడమచెయ్యి చాపాడు. రెండు వేళ్ళు లేవు. "సెరుకు గానుగలో పోనాయి. నా దెబ్బ ఎనకబడిపోద్దని ఆడూ ఎనకే కొట్టీవోడు. తప్పు నానొక్కణ్ణే సేసినట్టు అగుపడకూడదని."

ఇన్నేళ్ళలో సూరిబాబు పక్కన ఎవరున్నారో నేనెప్పుడూ చూడలేదు. ముక్కుకి అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

"పొద్దున సబకి నానూ వచ్చేను. ఎనకాల నిలబడితే మనిసి కనబడనేదు. మైకులో ఆ మాటన్నోడెవుడో తెలుసా బావూ?"

"తెలీదు" అన్నాను.

ఆయన నాకేసి కాసేపు చూసి, కిటికీలోంచి ఉమ్మాడు. ఒక్క తుంపరైనా నా మీద పడలేదు. పడినా తుడుచుకునేవాణ్ణి కాదు.