వీరగల్లు మీద చింతగింజలు

ఇక్కడ ఎడారిలో, ఉనైజా పట్నం దాటాక, రోడ్డు పక్కనున్న ఒక పాత బండ చుట్టూ ఇనుప కంచె బిగిస్తున్నాం. బండ మీద ఎవరో ఎప్పుడో చెక్కిన ఒంటెలున్నాయి. ఒక ఒంటె మెడ మీది దుమ్ము తుడవబోతే మా పాకిస్తానీ ఫోర్‌మన్ "హాత్ మత్ లగావో" అని గట్టిగా అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడే మన బడి తోవలోని వీరగల్లు గుర్తొచ్చింది.

ఈ గ్రూపులోని మన బ్యాచ్ వాళ్లకు యాదికుందా? రాయి మీద కత్తి పట్టి గుర్రమెక్కిన వీరుని బొమ్మ. పచ్చీసు ఆటలో పాచికలుగా వేయడానికి చింతగింజలను ఆ రాయి మీదే అరగదీసేవాళ్లం, ఒకవైపు తెల్లగా తేలేదాకా. వేళ్లు కాలేవి. గింజ మాడిన వాసన వచ్చేది. నా చేతికి ఆయన ముఖమే వాటంగా ఉండేది.

మా నాయనమ్మ అటు పోతూ ఆగేది.

"మన ఊరి పసులను కాపాడవోయి సచ్చిండు ఆయన. ముఖం మీద రుద్దకుర్రి."

"రాయికి నొస్తదా నాయనమ్మా?" అన్నాను ఒకసారి. ఆమె కొంగుతో ఆ ముఖం తుడిచి వెళ్లిపోయింది.

నిన్న మా చెల్లెకు ఫోన్ చేసి ఆ రాయి ఉన్నదా అని అడిగాను. సర్కారు వాళ్లు రక్షిత కట్టడమని దాని చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టారట.

"బోర్డు మీద ఏం రాసిండ్రు?"

"ఎండకు, వానకు వీరుని ముఖం అరిగిపోయిందని రాసిండ్రన్నా. గుర్రం, కత్తి మంచిగనే ఉన్నయి."

ఫోన్ పెట్టేశాను. ఎండా వానా గుర్రాన్ని వదిలి ముఖాన్నే పట్టుకుంటాయా? ఆ ముఖం మీద అరగదీసిన గింజలన్నీ నా లాగు జేబులోనే ఉండేవి.