కాలే చెవులు

మా జగిత్యాల వైపు మేకకు జ్వరం ఉందో లేదో చెవి పట్టుకుని చూస్తాం. గల్ఫ్‌లో మేకలు కాయడానికి చేరిన ఉమ్ సలాల్ ఫామ్‌లో నా మొదటి ఎండాకాలం ఒక మేక చెవి కాలుతుంటే, నాకోసం ఇంటి నుంచి తెచ్చుకున్న తిప్పతీగ పొడితో కషాయం కాచి మూడు రోజులు తాగించాను. చెవి చల్లబడలేదు. నిజామాబాద్ నుంచి వచ్చిన మా సూపర్‌వైజర్ థర్మామీటర్ పెట్టి చూశాడు.

"జ్వరం మాఫీ, లేనే లేదు. ఈ ఎండకు అన్ని మేకల చెవులు గిట్లనే కాలుతయ్. నీ పొడి పారెయ్."

"జ్వరమే లేనప్పుడు పొడి పనిజేస్తదో లేదో ఎట్ల తెలుస్తదన్నా?" అన్నాను.

పొడి దాచుకుని, సొంతంగా థర్మామీటర్ కొన్నాను. రెండు నెలలకు ఒక మేకకు నిజంగానే జ్వరం వచ్చింది. పొద్దున కొలిచి, కషాయం తాగించి, సాయంత్రం మళ్లీ కొలిచాను. సూపర్‌వైజర్ మేక చెవి మీద చెయ్యి వేయబోతే, ఆ చేతిలో థర్మామీటర్ పెట్టాను.

పొద్దుటి కంటే జ్వరం దిగిందని అందులో చూశాడు.

"పొడి ఇంకా ఉన్నదా?" అన్నాడు.