‘పెట్టిన’ అన్న మాటకు ఇంగ్లీషు

మిర్యాలగూడ మిషన్ బోర్డింగులో మాకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ ఏ మాటనూ ఒంటరిగా నేర్పేది కాదు. దాని పక్కన ఏ మాట కుదురుతుందో, దానికి దగ్గరి మాటలు ఏవో అన్నీ రాయించేది. ‘గివ్’ అనే చిన్న మాటకే నేను ఒక పేజీ నింపాను. గివ్ ఆన్సర్, గివ్ వే, గివ్ షెల్టర్. ఆ కింద ఆఫర్, సర్వ్, సప్లై. “అన్నీ ఇచ్చుడే గద టీచర్, ఇన్ని మాటలెందుకు?” అని అడిగాను ఒకసారి. “మీ అమ్మ అన్నం సర్వ్ చేస్తుంది. కాంట్రాక్టరు సప్లై చేస్తాడు. ఇద్దరూ చేసేది ఒకటేనా?” అంది ఆమె. తేడా రాసుకున్నాను గాని అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

చదువు అయ్యాక మా ఊళ్లోనే, మా నాయన హెడ్మాస్టరుగా ఉన్న మిషన్ బడిలో టీచరుగా చేరాను. సూర్యాపేటకు నాలుగు కోసుల దూరం మా ఊరు. నాకు పందొమ్మిదేళ్లు. నిజాం రాజ్యం పోయి ఏడాది కావస్తోంది. రజాకార్ల భయం తీరిందని ఊపిరి పీల్చుకునేలోగా యూనియన్ మిలటరీ భయం వచ్చిపడింది. కమ్యూనిస్టుల సంఘం దళాలు ఇంకా గుట్టల్లోనే ఉన్నాయి. వాళ్లకు తిండి అందిస్తున్నారని ఎవరి మీద అనుమానం వచ్చినా సూర్యాపేట క్యాంపుకు తీసుకుపోయేవారు. పోయినవాళ్లలో కొందరు నాలుగు రోజులకు వచ్చారు, కొందరి జాడ లేదు.

మా ఎదురింట్లో పెద్దమ్మ ఉండేది. వరస కలిపి పిలవడమే గాని చుట్టరికం లేదు. ఆమె, ఆమె పెనిమిటి కూలికి పోయేవాళ్లు. మా అమ్మ టైఫాయిడుతో మంచం పట్టినప్పుడు నెల రోజులు మాకు వండిపెట్టింది ఆమే. ఆ ఎండాకాలంలో రెండుసార్లు, మిట్టమధ్యాహ్నం, నెత్తిన గంప పెట్టుకుని ఆమె గుట్ట కింది చేల వైపు పోతుంటే చూశాను. ఆ గంపలో ఉన్నది ఒకరికో ఇద్దరికో సరిపోయే అన్నం కాదు. రెండోసారి ఆమె ఆగి నా వంక చూసింది.

“సూసినవా బిడ్డా?”

“సూసిన.”

“సూడలే అనుకో,” అని కదిలిపోయింది.

పది రోజుల తర్వాత ఆమె పెనిమిటిని పట్టుకుపోయారు. ఆ మర్నాడు పొద్దున్నే ఆమెనూ జీపెక్కించారు. అదే రోజు, నేను మూడో తరగతికి ఎక్కాలు చెబుతుండగా జీపు మళ్లీ వచ్చి బడి ముందు ఆగింది. దిగింది క్యాంపు గుమాస్తా. కోదాడ మనిషి, నలభై ఏళ్లుంటాయి.

“టీచరు గారూ, మీకు ఇంగ్లీషు వచ్చంట కదా. కెప్టెను గారికి తెలుగు రాదు. మగాళ్ల మాటలు నేనే చెబుతున్నాను. ఆడమనిషిని అడిగేటప్పుడు మాత్రం ఆడవాళ్లే ఉండాలన్నారు. ఒక్క గంట పనండి,” అన్నాడు.

నాయన గుమ్మంలో నిలబడ్డాడు. వద్దనలేడు, పొమ్మనలేడు. చివరికి నా దగ్గరికి వచ్చి మెల్లగా, “అన్నది అన్నట్టు సెప్పు బిడ్డా. నీదేం కలుపకు, ఏం దాయకు,” అన్నాడు.

జీపులో గుమాస్తా ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటాక, ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు: “ఆర్డరులో ‘సప్లై’ అని ఉందండి. కాయితంలో ఆ మాట పడితే జైలే. నిన్న ఆమె మొగుడిది అయిపోయింది. నేనే టైపు చేశాను.”

క్యాంపు ఒక బియ్యం మిల్లు గోదాములో ఉంది. కెప్టెన్ ఉత్తరాది మనిషి, సన్నగా, నిద్ర లేని కళ్లతో ఉన్నాడు. నాకు కుర్చీ వేయించాడు. పెద్దమ్మ నేల మీద కూర్చుని ఉంది. పెదవులు ఎండి తెల్లబారాయి. నన్ను చూసి లేవబోయి, సిపాయి కసరడంతో మళ్లీ కూర్చుంది. గుమాస్తా మూలన టైపు మిషను ముందు కూర్చున్నాడు. బల్ల మీది కాయితం నాకు తలకిందులుగా కనిపిస్తోంది. పెద్దమ్మ పెనిమిటి వేలిముద్ర, దాని పైన ‘సప్లైడ్ ఫుడ్’ అన్న రెండు మాటలు.

“దళం వాళ్లకు తిండి ఇచ్చిందా, అడగండి,” అన్నాడు కెప్టెన్ ఇంగ్లీషులో.

అడిగాను. పెద్దమ్మ ఆలోచించనైనా లేదు. “ఆకలైతాందన్నరు. పెట్టిన.”

పెట్టిన. ఆ ఒక్క మాటకు ఇంగ్లీషు కావాలి. ‘సర్వ్’ అన్నాను. ఆకలని వచ్చినవాళ్లకు వడ్డించింది సార్, అన్నాను.

కెప్టెన్ పెన్సిలుతో ముందున్న కాయితం మీద తట్టాడు. “ఈమె భర్త సప్లై చేశానన్నాడు.”

“ఆయన కూడా పెట్టిన అనే అని ఉంటాడు సార్. మా భాషలో అన్నం ఇచ్చాం అనరు, పెట్టాం అంటారు. సప్లై వేరు.”

మూలన టైపు చప్పుడు ఆగిపోయింది. అప్పుడు గాని తెలియలేదు, నేను గుమాస్తా తప్పు చెప్పాడని అతని పైవాడి ముందే అన్నానని. అతని వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

కెప్టెన్ పెన్సిలు కింద పెట్టాడు. “సరే. వాళ్లు ఈమె ఇంటికి వచ్చారా? ఈమే తీసుకుపోయిందా? అది అడగండి.”

అడగక తప్పలేదు. పెద్దమ్మ నా కళ్లలోకి చూసింది. అబద్ధం ఆడుతుందేమోనని ఆశపడ్డాను.

“నేనే గంప ఎత్తుకొని పోయిన. రెండుపార్లు. సేను కాడికి,” అంది.

నాయన మాట చెవిలో ఉంది. చేను దగ్గరికి అన్నం తీసుకుపోయింది సార్, రెండుసార్లు, అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. “మా ఆడవాళ్లంతా రోజూ కూలివాళ్లకు తీసుకుపోయినట్టే,” అని కలిపాను. ఆ ముక్క పెద్దమ్మది కాదు. ఆ గదిలో రెండు భాషలూ వచ్చినవాళ్లం ఇద్దరమే. నేను, గుమాస్తా.

కెప్టెన్ మూలకు తిరిగాడు. “టీచరు చెప్పింది కరెక్టేనా?”

గుమాస్తా లేచి నిలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఒక్క మాట అంటే పెద్దమ్మతో పాటు నేనూ ఆ నేల మీద కూర్చోవలసిందే.

“కరెక్ట్ సార్,” అన్నాడు. కూర్చుని, ‘సర్వ్‌డ్’ అని కొట్టాడు. పెద్దమ్మ వేలిముద్ర వేసింది.

పెనిమిటి కాయితం కూడా మార్చమని అడిగాను. వేలిముద్ర పడ్డాక మార్చడం కుదరదన్నాడు కెప్టెన్. తిరుగు దారిలో గుమాస్తాతో, “నిన్న కూడ గా మాటే రాస్తే ఆయన బతికిపోయేటోడు గద!” అన్నాను.

“పోనివ్వండి టీచరు గారూ,” అన్నాడు అతను. అంతే.

పెద్దమ్మను నాలుగో రోజున వదిలారు. ఆమె పెనిమిటిని జైలుకు పంపారు. నేను చూడడానికి పోతే ఆమె గడప మీద కూర్చుని ఉంది. “ఆ దొరతోని ఏం సెప్పినవ్?” అని అడిగింది. ఉన్నదంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం నల్లబడింది.

“వండింది నేను, మోసింది నేను. ఆయనకు ఏం దెల్వది. ఆయన జైల్ల, నేను ఇంట్ల. మంచిగ సెప్పినవ్ బిడ్డా,” అని లోపలికి పోయింది. తర్వాత ఏడాది పాటు మా వాకిలి తొక్కలేదు.

ఏడాదిన్నరకు ఆయన వచ్చాడు. సగం మనిషి అయ్యాడు, దగ్గు పట్టుకుంది. నేను దగ్గర కూర్చుని, గుమాస్తా మాట మార్చి రాయడం వల్లే ఇదంతా జరిగిందని తిట్టాను. ఆయన చెయ్యి ఊపాడు.

“ఆయిన తప్పేం లేదు బిడ్డా. గంప నేనే మోసిన, సరుకు నేనే పంపిన అని నేనే సెప్పిన. మీ పెద్దమ్మను ఇడిసిపెడ్తరేమో అనుకున్న. ‘జర సూసి సెప్పు, జైలు పడ్తది’ అని రెండుపార్లు అన్నడు పాపం. నేనే ఇనలే.”

పొయ్యి దగ్గర పెద్దమ్మ ఊదుగొట్టం కింద పెట్టి అలాగే కూర్చుండిపోయింది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మనిషి విన్నది విన్నట్టే రాశాడు. నేను అతని పైవాడి ముందు అతన్ని తప్పుబట్టాను, జీపులో నిందించాను. తాను రాసింది సరైనదేనని చూపించుకోవాలంటే నా అబద్ధం బయటపెట్టాలి. అతను ఆ పని చెయ్యలేదు.

అప్పటికి క్యాంపు ఎత్తేశారు. ఆ వేసవిలో బెజవాడ పోతూ కోదాడలో బస్సు దిగాను. మిలటరీ దగ్గర గుమాస్తాగా చేసినాయన ఇల్లు ఎక్కడని నాలుగు దుకాణాల్లో అడిగాను. అతని పేరు నేనెప్పుడూ అడగలేదు. పేరు తెలియకుండా ఎలా చెబుతామమ్మా, అన్నారు. సాయంత్రం దాకా తిరిగి, చివరి బస్సు ఎక్కాను.