మా నాన్నకి కొత్త పేరు చెప్పండి

ఇవాళ మార్కెట్లో ఎదురైన ప్రతివాడూ నన్నొక పేరుతో పలకరించాడు. మొన్నటిదాకా ఆ పేరు మా ఇంట్లోవాళ్ళకీ, ఆధార్ కార్డుకీ తప్ప ఎవరికీ తెలీదు. ఎలా బయటపడిందో చెబుతాను, టీ తాగుతూ చదవండి.

నాకు గవర్నర్‌పేటలో మోటార్ల స్పేర్ పార్టుల షాపుందని తెలుసుగా. బోర్డు మీద 'ఎం. రావు ఎలక్ట్రికల్స్' అని ఉంటుంది. ఆ 'ఎం' అంటే మోహన్ అని కొందరు, మురళి అని కొందరు అనుకుంటారు. నేనెవర్నీ కాదనలేదు. పక్క షాపు ఖాదర్ గారిది, మోటార్ వైండింగ్. కాలిపోయిన మోటారు ఆయన దగ్గరికొస్తుంది, దానికి బేరింగు కావాల్సొస్తే కస్టమరు నా దగ్గరికొస్తాడు. పొద్దున్నే షట్టర్లు తీయగానే ఇద్దరికీ రెండు టీలు. ఒకరోజు ఆయన చెబుతారు, ఒకరోజు నేను. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా షాపు తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయనతో ఆ టీ పడకపోతే నాకు రోజు మొదలైనట్టే ఉండదు.

సాయంత్రం ఇంటికెళ్ళి, లుంగీ కట్టుకుని, కంచం ముందు కూర్చుని టీవీలో డిబేట్ పెట్టానంటే మాత్రం నేను వేరే మనిషిని. వాళ్ళు ఎంత గట్టిగా అరుచుకుంటే నాకంత ఆకలి. నేనూ అందుకుంటాను. "వాళ్ళు" అని మొదలుపెడతాను. వాళ్ళు ఇలాంటివాళ్ళు, వాళ్ళు అలాంటివాళ్ళు, వాళ్ళ పేర్లున్న ఊళ్ళన్నింటికీ పేర్లు మార్చెయ్యాలి. మరి ఖాదర్ గారు ఆ "వాళ్ళు"లోకి వస్తారా అంటారేమో. రారు. ఖాదర్ గారు ఖాదర్ గారే. ఈ లెక్కలో తేడా ఉందని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇంకో గుణం కూడా చెప్పాలి. ఫోన్లో వచ్చినదాన్ని పూర్తిగా చూసి పంపే ఓపిక నాకు లేదు. మొదటి రెండు లైన్లు నచ్చితే చాలు, ఉన్న గ్రూపులన్నింటికీ వెళ్ళిపోతుంది. మిగతాది ఎవరో ఒకరు చదువుతారు కదా అని నా ధైర్యం.

మా అమ్మాయి హాసిని ఆరో క్లాసు. సెలవుల్లో నా అకౌంటు మీదే 'హాసినీ వాళ్ళిల్లు' అని ఒక వీడియో చానల్ మొదలెట్టింది. వాళ్ళమ్మ పులిహోర కలపడం, వాళ్ళ నాయనమ్మ ఒత్తులు చేయడం, నేను గురకపెట్టడం, ఇవే వీడియోలు. చూసేది మా చుట్టాలే. శనివారం పొద్దున "ఇవాళ్టి వీడియో నీమీదే నాన్నా, చూడు" అని లింకు పంపింది. తెరిస్తే కంచం ముందు నేనే. లైటింగ్ బాగా కుదిరింది. అంతటితో ఆపేసి, "మా అమ్మాయి టాలెంట్ చూసి ఆశీర్వదించగలరు" అని రాసి, రెండు దణ్ణాలూ నాలుగు గులాబీలూ తగిలించి, మార్కెట్ గ్రూపుతో సహా అన్నింటికీ పంపేశాను. పంపేసి, ఎవరిదో పంపుసెట్టు చూడాలంటే బండి మీద కొండపల్లి వెళ్ళిపోయాను.

అక్కడ ఫోన్ ఒకటే మోత. చదువుకునే కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను. అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నా, వీడియో కింద కామెంట్లు పడుతున్నాయని మాత్రం తెలుస్తోంది. వరసపెట్టి ఒక్కోదానికీ హార్టు కొట్టుకుంటూ పోయాను. పిల్లని మెచ్చుకుంటుంటే తండ్రి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి కదా. తిరుగు దారిలో హార్డ్‌వేర్ షాపు శ్రీను ఫోన్ చేసి, "ఏమండీ మస్తాన్‌రావు గారూ" అని ఒక్క నవ్వు నవ్వి పెట్టేశాడు. ఆ పేరు వీడికెలా తెలిసిందా అని బండి పక్కకి తీసి కాసేపు నిలబడ్డాను.

ఇంటికొచ్చి, అద్దాలు పెట్టుకుని, మొదటిసారి వీడియో మొత్తం చూశాను. అందులో నేను ముద్ద కలుపుతూ, "వాళ్ళ పేర్లు మన గడ్డ మీద ఒక్కటి కూడా ఉండకూడదు. అన్నీ పీకి పారెయ్యాలి. కొంచెం పెరుగెయ్యి" అంటున్నాను.

తర్వాత హాసిని వచ్చింది. "ఫ్రెండ్స్, మా నాన్నకి చాలా పెద్ద ప్రాబ్లం వచ్చింది. ఆయన పేరే మస్తాన్‌రావు. ఎందుకు పెట్టారో మా నాయనమ్మ చెబుతుంది."

మా అమ్మ ఒత్తులు చేసుకుంటూనే చెప్పింది. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. ఎవరో చెబితే మస్తాన్ బాబా దర్గాకి వెళ్ళి మొక్కుకుందట. అక్కడి సాయిబుగారు నెమలీకల కట్టతో తల నిమిరి తాయెత్తు కట్టారట. నేను పుట్టాను, బతికాను, అందుకని ఆ బాబా పేరు. దేవుడి గూట్లోంచి నల్ల తాడుతో సహా ఆ తాయెత్తు తీసి చూపించింది కూడా. "ఇప్పటికీ ఏడాదికోసారి అక్కడ చక్కెర చదివించి పంచుతానమ్మా. మీ నాన్నకి చెప్పకు, అరుస్తాడు" అంది. లోకం మొత్తానికి చెప్పింది.

చివర్లో హాసిని, "కాబట్టి ఫ్రెండ్స్, మా నాన్నకి మంచి కొత్త పేరు కామెంట్స్‌లో చెప్పండి" అని చెయ్యి ఊపింది.

వెంటనే తీసెయ్యమన్నాను. ఇంట్లో మాటలు బయట పెట్టొచ్చా అని కేకలేశాను. "నేను ఎల్‌కేజీలో చేరిన రోజు ముక్కు కారుతూ ఏడ్చిన వీడియో నన్నడిగే పెట్టావా, ఇంకా తాతయ్యవాళ్ళ గ్రూపులో ఉంది" అంది హాసిని. అది వేరన్నాను.

"రోజూ గట్టిగానే అంటావు కదా నాన్నా, అది సీక్రెట్ అని నాకెలా తెలుస్తుంది? పేరు మార్చుకోవాలేమో, నీకు హెల్ప్ చేద్దామనుకున్నా" అంది. కళ్ళల్లో నీళ్ళు. ఎక్కడా వెటకారం లేదు. వెటకారమైతే బాగుండేది, రెండు తిట్టేవాణ్ణి. తీసేసినా లాభం లేదని ఉంచేశాను, నేను పంపినవాళ్ళందరూ దాన్ని అప్పటికే మళ్ళీ పంపేశారు. మార్కెట్ గ్రూపులో చూసినవాళ్ళ లిస్టులో ఖాదర్ గారి పేరూ ఉంది. ఆ పూట టీవీ పెట్టలేదు, కామెంట్లు చదివే ధైర్యమూ చెయ్యలేదు. అన్నం కూడా సహించలేదు.

సోమవారం షట్టర్ తీశాను. ఖాదర్ గారి షాపు తీసే ఉంది కానీ టీ రాలేదు. ఆ రోజు చెప్పాల్సింది ఆయనే. కాసేపు బేరింగులు తుడిచాను, తుడిచినవే మళ్ళీ తుడిచాను. ఆగలేక వెళ్ళాను. ఆయన రాగి తీగ చుడుతున్నారు, తల ఎత్తలేదు.

"అవన్నీ టీవీవాళ్ళ మాటలండీ ఖాదర్ గారూ" అన్నాను.

"గొంతు మీదే కదండీ" అన్నారు. తీగ ఇంకో నాలుగు చుట్లు చుట్టారు. "పెరుగు అడిగినంత తేలిగ్గా అనేశారు రావు గారూ."

అంతకంటే నాలుగు తిడితే హాయిగా ఉండేది. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు మాట్లాడానండీ అన్నాను. ఆయన ఇంకో చుట్టు చుట్టి తీగ బిగించారు.

"అసలు మీతో మాట్లాడకూడదనే అనుకున్నాను. కానీ నేను పెట్టిన కామెంటుకి మీరు హార్టు పెట్టారు. అంత మాట పడి కూడా హార్టు పెట్టిన మనిషిని ఎలా వదులుకుంటామండీ" అన్నారు. తీగ పక్కన పెట్టారు. "రెండు టీ చెప్పండి, మస్తాన్‌రావు గారూ."

టీ చెప్పే వంకతో షాపులోకొచ్చి, అద్దాలు పెట్టుకుని ఆ కామెంటు వెతికాను. "పేరు బంగారంలా ఉందమ్మా హాసినీ. మనిషినే కొంచెం మార్చుకోమను." దాని కింద నా హార్టు ఎర్రగా మెరుస్తోంది. దాని కిందే మా బావమరిది "ఈయనకి ఈ జన్మకి బుద్ధి రాదు" అని పెట్టాడు. దానికీ హార్టు పెట్టాను.

ఇప్పుడు టీవీ కట్టేసి తింటున్నాను. పెరుగు మాత్రం నోరు తెరిచి అడగలేకపోతున్నాను, వేస్తే తింటున్నాను. ఆ హార్టు చదవకుండా పెట్టిందని ఖాదర్ గారికి ఇంతవరకూ చెప్పలేదు. మీలో ఎవరైనా దీన్ని ఏ గ్రూపులోనైనా పెట్టాలనుకుంటే ఆయన లేని గ్రూపు చూసుకుని పెట్టండి. ఆయన నాలా కాదు, వచ్చింది మొత్తం చదువుతారు.