ఓనరు ఇబ్బందిలో ఉన్నాడు

“ఓనరు ఇబ్బందిలో ఉన్నాడా? ఏ ఓనరండీ? ఆ ఓనరు నా మొగుడే కదా!”

గోడ అవతలినుంచి పిన్ని గొంతు. రెండు వాటాలకీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. కట్టినవాడు సిమెంటు దగ్గర పిసినారితనం చూపించాడు కాబట్టి పక్కింటి కాపురం మాకు ఉచితంగా వినిపిస్తుంది.

“అలవాటులో వచ్చేసిందే. నోరు జారింది.”

“జారిందా? మనిషిని బాల్కనీలోకి తీసుకెళ్ళి, మోచెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి మరీ జార్చారు! నాలుగు నెలలకి వచ్చిన ఒకే ఒక్క పార్టీ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మీ నోటికి ఉన్న ఇల్లు కూడా పోయేట్టుంది.”

“మళ్ళీ రేపొస్తామన్నారుగా.”

“ఎందుకు రారు? ఇరుక్కుపోయానని ఓనరే చెప్పాక పరిగెత్తుకుంటూ వస్తారు.”

సదరు ఓనరు మా పక్కింటాయన. చుట్టం కాకపోయినా బాబాయ్ అని పిలుస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ బ్రోకరు. వీధిలో అందరూ ఆయన్ని ‘మనలోమనమాట’ అంటారు, వెనకాల. ఆ పేరు ఊరికే రాలేదు. కొనేవాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, “మనలో మన మాట, ఓనరు ఇబ్బందిలో ఉన్నాడు. గట్టిగా అడగండి, దిగొస్తాడు” అంటాడు. తర్వాత అమ్మేవాణ్ణి ఇంకో పక్కకి తీసుకెళ్ళి, “మనలో మన మాట, ఈ పార్టీ చేజారితే మళ్ళీ దొరకదు” అంటాడు. ఇద్దరూ ఆయన తమ మనిషే అనుకుంటారు. ఆయన మాత్రం కమీషన్ మనిషి.

ఆయన భాష వేరు. ఇరుకు గదిని ‘ఊడ్చుకోవడానికి తేలిక’ అంటాడు. కిటికీ లేని గది ‘దుమ్ము రానిది’. పక్కన వెల్డింగు షాపుంటే ‘దొంగల భయం లేదు’. ధరలు పడిపోయాయన్న మాట ఈ ఏడాదిన్నరలో ఆయన నోట ఒక్కసారీ రాలేదు. “మార్కెట్ కూర్చుందంతే. కూర్చున్నది లేవదా?” అంటాడు. అది కూర్చోవడం మానేసి కాళ్ళు బారజాపి పడుకుందని మా వీధిలో బోర్డులు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఏడిళ్ళకి వేలాడుతున్నాయి. మొదట కట్టిన ‘అమ్మబడును’ బోర్డు ఎండకి వెలిసి ‘అమ్మ’ మాత్రం మిగిలింది. కొనే దిక్కులేక ఇల్లే ఏడుస్తున్నట్టుంటుంది. ఇప్పుడు బాబాయ్‌కి ఫోన్లు చేసేది తోటి బ్రోకర్లే. “పార్టీ ఏమైనా ఉందా గురూ?” అని వాళ్ళడుగుతారు, “నీ దగ్గరుందా?” అని ఈయనడుగుతాడు. వ్యాపారం అంతటితో సరి.

ఇక ఆయన సొంతిల్లు. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, డెబ్భై రెండు మెట్లు. పద్దెనిమిదేళ్ళ క్రితం దీన్ని అమ్మిపెట్టమని ఎవరో ఈయనకే అప్పగించారు. “పైన గాలి బాగుంటుంది, మెట్లెక్కితే డాక్టరుతో పనుండదు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చెప్పగా చెప్పగా తనే నమ్మి కొనేశాడు. ఆయన మాటలకి బోల్తాపడ్డవాళ్ళలో ఆయనంత నిండా మునిగినవాడు ఇంకొకడు లేడు.

డాక్టరుతో పనుండదన్న ఆ మెట్లే పిన్నిని డాక్టరు దగ్గరికి పంపాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నెలకొక్కసారి ఆసుపత్రికి దిగుతుంది, మలుపు మలుపుకీ కుర్చీ వేసుకుని. మిగతా రోజులన్నీ బాల్కనీయే లోకం. “మనుషుల మొహాలు మర్చిపోయానురా. నడినెత్తులే గుర్తున్నాయి. ఎవరికి బట్టతల వస్తోందో వాళ్ళకన్నా ముందు నాకే తెలుస్తుంది” అంటుంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చదు.

పక్క వీధిలో టైలరమ్మ ఇల్లుంది. కింది వాటా, గుమ్మం ముందు ఒక్కటే మెట్టు. ఈ నెలాఖరు దాకా మీకోసం ఆపుతాను, ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది ఆవిడ. ఇది అమ్ముడైతే తప్ప అది కొనలేరు. నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులు.

పొద్దున వచ్చినవాళ్ళు మొగుడూ పెళ్ళాం. నేనప్పుడు బాబాయ్ వాళ్ళ హాల్లో స్టూలెక్కి బల్బు మారుస్తున్నాను. చీకటి గదికి పెద్ద బల్బు పెట్టడం బాబాయ్ వృత్తి రహస్యాల్లో ఒకటి. వాళ్ళు రొప్పుతూ వచ్చి కూర్చుని, నీళ్ళు తాగారు. ఆవిడ కుళాయిలన్నీ తిప్పి చూసింది. ఆయన టేపు తీసి గోడలు కొలిచాడు. ఇల్లు నచ్చినట్టే ఉంది. అప్పుడు బాబాయ్ చెయ్యి దానంతటదే లేచి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బాల్కనీలోకి వెళ్ళారు.

“మనలో మన మాట. ఓనరు ఇబ్బందిలో ఉన్నాడు. నెలాఖరు దాటిందా, ఆయన పని అయిపోయినట్టే. మీరు గట్టిగా పట్టుబట్టండి, దింపే పూచీ నాది.”

“అలాగా! ఇంతకీ ఓనరెక్కడ?” అన్నాడాయన.

బాబాయ్ నిజంగానే అటూ ఇటూ వెతికాడు. బాల్కనీ మూల కుర్చీలో కూర్చున్న పిన్ని చేత్తో చూపించింది.

“ఈయనే.”

నేను స్టూలు మీదనుంచి పడలేదంటే నా అదృష్టం. ఆ మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పిన ధరలో సగానికి కొంచెం పైన ఒక అంకె చెప్పి, రేపు పదింటికి వస్తామని దిగిపోయారు. ఊరందరికీ శకునాలు చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడటమంటే ఏమిటో ఆ పూట కళ్ళారా చూశాను.

గోడ అవతల గొడవ చల్లారిన పావుగంటకి మా తలుపు చప్పుడైంది. బాబాయ్. జేబులో పెన్ను లేదు, చేతిలో డైరీ లేదు. అవి లేకుండా ఆయన్నెప్పుడూ చూడలేదు.

“రేపు ఇల్లు నువ్వు చూపించాలిరా” అన్నాడు.

“నేనా? నాకు అమ్మడం రాదు బాబాయ్. కాలేజీ మానేశానన్న సంగతి మా నాన్నకే సరిగ్గా అమ్మలేకపోయాను.”

“అందుకే నిన్నడుగుతున్నా. నీకు పక్కకి తీసుకెళ్ళి చెప్పడం తెలీదు. ఏదైనా మొహం మీదే అంటావు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మెట్లు డెబ్భై రెండని చెప్పు. వానొస్తే వంటగది మూల కారుతుందని చెప్పు. ధర మాత్రం మీ పిన్నితో మాట్లాడుకోమను.”

“మరి మీరు?”

ఆయన మా గది లోపలికి తొంగి చూశాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు కదా, కిటికీ ఎటుందో కూడా చూసుకున్నాడు.

“నేనిక్కడ కూర్చుంటా. నువ్వు వెళ్తూ బయట గొళ్ళెం పెట్టు. వాళ్ళు మెట్లు దిగిపోయేదాకా తియ్యకు. తలుపు కొట్టినా తియ్యకు. ‘మనలో మన మాట, ఒక్క నిమిషం’ అన్నాననుకో, అప్పుడు అసలే తియ్యకురా.”